జాకెట్టు ముక్కల దేశం

కుప్పంలో మా ముందు గది పొడవు పది అడుగులు.
అందులో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల,
శుక్రవారానికి ఇస్తానన్న పదిహేడు జాకెట్లు.
మిగిలిన చోటంతా అమెరికా.

నలభై ఎనిమిది ముక్కలు కత్తిరించి నేల మీద పరిచినాను.
అలాస్కాకు గుడ్డ చాలక
పాత దుప్పటి చించి గోడవార విడిగా పెట్టినాను.
హవాయికి ఎనిమిది గుండీలు.
రెండు ఎలుక ఎత్తుకుపోయింది,
ఆ దీవులు ఇప్పుడు బీరువా కింద ఎక్కడో ఉంటాయి.

ఒక్లహోమాకు పిడి ఉంది, పెనం మాదిరి.
వినీల దాని మీద దోసెలు పోస్తాది.
కొలరాడో, వయోమింగ్ సులువు,
కడప బండల్లాగా నాలుగు కోతలు.
మేరీల్యాండ్ దగ్గర మాత్రం కత్తెర ఏడిచింది.
టెక్సాస్‌ది పట్టు.
టీచరమ్మ మెరూన్ జాకెట్టులో మిగిలింది,
మిగిలిందని ఆమెతో చెప్పలేదు.
ఆమె వీధిలో వస్తే ఇప్పటికీ
సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకుంటాను.

నేను చదివింది పదో తరగతి, లెక్కలు రెండోసారికి.
రాత్రి పిల్లలు పడుకున్నాక
ఫోను వెలుతురులో నాలుగు రాష్ట్రాలు నేర్చుకుని
పొద్దున్నే పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు చెబుతాను.
అర్కన్సాస్ అని రాసి ఆర్కన్సా అనాలంట.
అది తెలిసేలోపు మూడు రోజులు తప్పే నేర్పినాను.

అమెరికా ఎందుకు, అంటాడు మా ఆయన
టమాటా లారీ దిగి కాళ్ళు కడుక్కుంటా.
మన జిల్లాలే మొన్న మారినాయి, అవి నేర్పు ముందు.
అవీ నేర్పినాను.
పాత పేపర్ల కొట్లో పది రూపాయలకు దొరికిన అట్లాసులో
చినగకుండా మిగిలిన పేజీ ఇదొక్కటే,
ఆ మాట ఆయనతో ఎవరు చెప్తారు?

చెంగల్రాయుడికి తొమ్మిదేళ్ళు.
మొదటి అక్షరం దగ్గర వాడి బండి ఆగిపోతాది.
ఇంట్లో తెలుగు, సంతలో తమిళం,
కోలారు డాక్టరు దగ్గర కన్నడం,
మూడింట్లోనూ అక్కడే.
బడిలో హాజరు పిలిస్తే
వాడు పలికేలోపు పక్క పేరు వచ్చేసేది.
గైరుహాజరు పడిన పిల్లోడు
బెంచీ మీదే కూర్చుని ఉండేవాడు.
పిలకాయలు వాడి మాదిరి మాట్లాడి చూపించుకునేవాళ్ళు.
మూడు సార్లు క్యారియర్ మూత తీయకుండా తిరిగొచ్చినాడు.
నాలుగోసారి నేనే పంపలేదు.

ఆ పొద్దు నదులు.
నీలం దారపు ఉండ చేతికిచ్చి
పైనుంచి కిందికి పరచమన్నాను.
పది రాష్ట్రాలను ఒరుసుకుంటా పోయింది దారం.
పేరు చదువు నాయనా, అన్నాను,
అన్నాక నాలుక కరుచుకున్నాను.
వాడు పెదాలు బిగించినాడు.
మి... మిస్... మిస్సి...
మిస్సిసిప్పి.

వినీల చప్పట్లు కొట్టబోయి నా మొహం చూసి ఆగింది.
వాడు మళ్ళా అన్నాడు. ఇంకోసారి అన్నాడు.
తర్వాత నా వైపు తిరిగి
ఒక్కచోటా ఆగకుండా అడిగినాడు:
"అమా, దీనికి కూడా నత్తేనా?"

ఏమో నాయనా, అన్నాను,
నది కదా, దారిలో రాళ్ళు తగులుతాయేమో.
"మరి మన పాలారుకు?"
"దాంట్లో నీళ్ళే లేవు కదరా," అంది వినీల,
"అది మాట్లాడేదెప్పుడు?"

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది,
చంకల దగ్గర బిగువుగా ఉందని.
చెప్పులు విడిచి, ఫ్లోరిడా తొక్కకుండా
ఓరగా నడిచి,
మెరూన్ ముక్క దగ్గర నిలబడింది.
ఇదేంది, అంది.

నా గొంతులో అక్షరం ఇరుక్కుంది.
టె... అన్నాను. టె... ట...
టేపు మెడ చుట్టూ వేసుకుని, మళ్ళా తీసి.

చెంగల్ లేచి నిలబడినాడు.
వాడికీ టైము పట్టింది.
ఆమె తొందరపడలేదు, సంచీ కింద పెట్టింది.
ట... టె... టెక్సాస్, అన్నాడు.

తన పట్టును తను గుర్తుపట్టిందో లేదో,
పెద్దదే, అంది.